ఇంగ్లీషు వాణిజ్య వార్తలు: హెడింగు చదవడం ఎలా?

ఉదయం ఇంగ్లీషు పత్రిక విప్పిన వర్తకుని చూపు ముందు సరుకు పేరు మీద పడుతుంది. ఉల్లి, బియ్యం, పామాయిల్, పసుపు... తనకు కావలసిన పేరు కనబడి, ఆ పక్కన 'బ్యాన్' అనో 'డ్యూటీ' అనో వుంటే చాలు, వెంటనే ఫోను అందుకుంటాడు. ఆ రెండు మాటల మధ్య ఒక చిన్న క్రియాపదం వుంటుంది. చాలాసార్లు నష్టం వచ్చేది దాన్ని దాటవేసినందువల్లనే.

ఇంగ్లీషు నేర్చుకుందామని గ్రామరు పుస్తకం కొని, నాలుగు పాఠాల తర్వాత అటక మీద పడేసినవారు బజారులో తక్కువేమీ కాదు. వారికి హెడింగులే మంచి బడి. రోజూ తిరిగి తిరిగి వచ్చే మాటలు కొద్ది వందలకు మించవు. పైగా వాటి అర్థం సరిగా పట్టుబడిందో లేదో ఆ సాయంత్రం యార్డు ధరలే చెబుతాయి.

ముందుగా ఒక నమూనా చూడవచ్చు. 'సెంటర్ మల్స్ కర్బ్స్ ఆన్ షుగర్ ఎక్స్‌పోర్ట్స్' అని హెడింగు వుందనుకుందాం. 'మల్స్' అంటే ఆలోచిస్తోంది. 'కర్బ్స్' అంటే ఆంక్షలు. అవి కోటా కావచ్చు, లైసెన్సు కావచ్చు, సుంకం కావచ్చు. పూర్తి నిషేధమే కానక్కరలేదు. కనుక పంచదార ఎగుమతులపై ఏవో ఆంక్షలు పెట్టాలా అని కేంద్రం ఆలోచిస్తోందన్నది మాత్రమే అందులోని వార్త. మధ్యాహ్నానికి బజారులో ఇదే 'ఎగుమతులు ఆపేశారట' అయి కూర్చుంటుంది.

ఇటువంటి క్రియలకు ఒక మెట్ల వరుస వుంది. అట్టడుగున 'మల్స్', 'వెయ్స్', 'కన్సిడర్స్' వుంటాయి. 'వెయ్స్' అంటే ఇక్కడ కాటా మీద తూకం కాదు, మంచిచెడ్డలు తూచి చూసుకోవడం. ఆ పైన 'మే', 'లైక్లీ' వస్తాయి. ఈ మాటలున్న వార్త తప్పితే పత్రికను నిలదీయడానికి వీలుండదు. తర్వాతి మెట్టు 'టు'. 'సెంటర్ టు క్యాప్ స్టాక్స్' అంటే నిల్వలపై పరిమితి విధించబోతున్నదని, విధించిందని కాదు. ఇంకా పైన 'నాడ్', 'క్లియర్స్' వుంటాయి. క్యాబినెట్ తల వూపింది, ఉత్తర్వు ఇంకా రావాలి. అన్నిటికన్నా పైది 'నోటిఫైస్'. ఎగుమతి నిషేధాలు, ఆంక్షలు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నోటిఫికేషన్‌తోనూ, సుంకాల మార్పులు ఆర్థిక శాఖ నోటిఫికేషన్‌తోనూ అమలులోకి వస్తాయి. ఓడకు సరుకు ఎక్కించేవారికి లెక్కలోకి వచ్చే మెట్టు ఇదొక్కటే. కింది మెట్లు ధరలను కదిలించగలవు గాని రేవులో కస్టమ్స్ అధికారిని కదిలించలేవు.

2024 ఫిబ్రవరిలో ఉల్లి బజారులో జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. కేంద్రం 2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతులను 2024 మార్చి 31 వరకు నిషేధించింది. గడువుకు ఇంకా నెలకు పైగా వుండగా, నిషేధం సడలించారని, కొంత పరిమాణానికి అనుమతి వచ్చిందని ఫిబ్రవరి మూడో వారంలో వార్తలు వచ్చాయి. నాసిక్ జిల్లా లాసల్‌గావ్ మార్కెట్టులో ధరలు ఎగబాకాయి. నోటిఫికేషన్ మాత్రం వెలువడలేదు. నిషేధం తొలగించలేదని, మార్చి 31 వరకు కొనసాగుతుందని ఫిబ్రవరి 20న వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి స్పష్టం చేశారు. ఆ మధ్య రోజులలో పెరిగిన ధరకు సరుకు పట్టినవారి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. మార్చి 22న ఆ నిషేధాన్ని తదుపరి ఉత్తర్వుల వరకు పొడిగించారు కూడా. అసలు ఎత్తివేత మే 4న జరిగింది. అప్పుడైనా టన్నుకు 550 డాలర్ల కనీస ఎగుమతి ధర, 40 శాతం సుంకం వెంట వచ్చాయి. మహారాష్ట్ర ఉల్లి మీద కన్నువేసి వుంచే తాడేపల్లిగూడెం వర్తకులకు ఇది పాత కథే.

ఈ సందర్భంలో వచ్చే 'లిఫ్ట్స్' అన్న మాట మరో బోను. 'లిఫ్ట్' అంటే పైకెత్తడమని అందరికీ తెలుసు. 'సెంటర్ లిఫ్ట్స్ బ్యాన్' అంటే నిషేధం ఎత్తివేసింది, అనగా తీసేసింది. 'డిమాండ్ లిఫ్ట్స్ టర్మరిక్' అంటే గిరాకీ పసుపు ధరను పెంచింది. ఒకే మాట ఒకచోట తొలగింపు, మరొకచోట పెరుగుదల. తెలుగులోనూ 'ఎత్తడం', 'ఎత్తివేయడం' వేరు గనుక, ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చిక్కు వుండదు.

క్రియ తర్వాత చూడవలసినది సరుకు పేరుకు ముందున్న విశేషణం. 2023 జూలై 20న కేంద్రం నిషేధించినది బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులను. ఉప్పుడు బియ్యానికి ఆ నిషేధం లేదు. దాని మీద ఆగస్టు 25న 20 శాతం సుంకం మాత్రం వేశారు. నూకల ఎగుమతిపై నిషేధం అంతకుముందు 2022 సెప్టెంబరులోనే వచ్చింది. 'రైస్ ఎక్స్‌పోర్ట్ బ్యాన్' అని మూడు మాటలలో రాసిన హెడింగు చూసి, కాకినాడ రేవుకు ఉప్పుడు బియ్యం పంపే మిల్లరు బేరం వదులుకుంటే తప్పు హెడింగుది మాత్రమే కాదు. 'వైట్', 'పార్‌బాయిల్డ్', 'బ్రోకెన్' అనే మూడు మాటలు బియ్యం వ్యాపారికి కంఠతా వుండాలి. ఆ జూలై నోటిఫికేషన్‌లోనే, అది వెలువడక ముందు ఓడలో లోడింగు మొదలైన సరుకుకు మినహాయింపు కూడా వున్నది. అది ఏ హెడింగులోనూ ఇమిడే సంగతి కాదు.

హెడింగుకు తనదైన వ్యాకరణం వుంది. నిన్న జరిగినదాన్ని వర్తమాన కాలంలో చెబుతుంది. 'గోల్డ్ ఫాల్స్' అంటే నిన్న బంగారం ధర తగ్గింది అని అర్థం, ఈ ఉదయం తగ్గుతోందని కాదు. 'అండ్' స్థానంలో కామా వస్తుంది. ఇంకొకటి కోలన్, అనగా రెండు చుక్కలు. 'నో ప్లాన్ టు ఇంపోర్ట్ వీట్: మినిస్టర్' అంటే ఆ మాట మంత్రిగారిది, పత్రికది కాదు. కోలన్ తర్వాత వర్తక సంఘం పేరో, బ్రోకరేజీ సంస్థ పేరో వుంటే, వారి చేతిలో ఏ సరుకు వుందో కూడా ఆలోచించుకోవడం మంచిది. పంట అంచనాలలో వచ్చే 'పెగ్స్', 'సీన్' మాటలు ఇదే కోవలోవి. 'పెగ్స్ కాటన్ క్రాప్' అంటే పత్తి దిగుబడి ఇంత వుండవచ్చునని అంచనా కట్టింది. కాటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా లెక్కకూ ప్రభుత్వ కమిటీ లెక్కకూ తేడా రావడం కొత్తేమీ కాదు. కనుక అంచనా కన్నా ముందు, అంచనా కట్టినది ఎవరో చూడాలి.

తెలుగు వర్తకునికి అన్నిటికన్నా ఎక్కువ చిక్కు పెట్టేవి తెలియని ఇంగ్లీషు మాటలు కావు, తెలిసినవే. ఎప్పుడో తెలుగులో కలిసిపోయి, ఇక్కడ ఒక అర్థంతో స్థిరపడిన మాట ఇంగ్లీషు హెడింగులో ఇంకో అర్థంతో ఎదురవుతుంది. 'ఫర్మ్' అంటే బజారులో కంపెనీ. 'టర్మరిక్ ఫర్మ్' అంటే పసుపు కంపెనీ కాదు, పసుపు ధర గట్టిగా వున్నదని. 'రూల్' అంటే నిబంధన. 'ప్రైసెస్ రూల్ స్టెడీ' అన్నచోట ఏ నిబంధనా లేదు, ధరలు నిలకడగా వున్నాయి. 'ఫ్లాట్' అంటే అపార్టుమెంటులో ఇల్లు గాని, 'ఎండ్స్ ఫ్లాట్' అంటే ధర ఎటూ కదలకుండా ముగిసిందని. 'కవరింగ్' అనగానే తెలుగువారికి బంగారు పూత నగలు గుర్తుకొస్తాయి. 'షార్టు' అంటే తూకంలో తరుగు. ఈ రెండూ కలిసిన 'షార్ట్ కవరింగ్' మాత్రం వాయిదా వ్యాపారానికి సంబంధించినది. చేతిలో సరుకు లేకుండా ముందే అమ్మినవారు, ధర ఎదురు తిరగడంతో ఆ అమ్మకాలు తీర్చుకోవడానికి కొనడం. అలా పెరిగిన ధరకు వెనుక నిజమైన గిరాకీ వుండనక్కరలేదు. కొనుగోళ్లు ముగియగానే మళ్లీ మెత్తబడవచ్చు. తేజీ వచ్చిందని మరునాడు పరుగెత్తి కొనేవారు ఈ మాట ముందుగా చూసుకోవాలి.

'శాంక్షన్' సంగతి ఇంకా విచిత్రం. బ్యాంకులో లోను శాంక్షన్ అయితే స్వీట్లు పంచుతారు. విదేశీ వార్తలలో 'శాంక్షన్స్' అంటే ఆంక్షలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత రష్యాకు సంబంధించిన హెడింగులలో ఈ మాట తరచు కనబడింది. పొద్దుతిరుగుడు నూనె దిగుమతిదారులకు దాన్ని అనుమతిగా చదివితే కలిగే అనర్థం తెలిసినదే. 'బంపర్' కూడా అంతే. లాటరీలో బంపర్ తగిలితే అదృష్టం. 'బంపర్ క్రాప్' అన్న వార్త గోదాములో పాత నిల్వ పెట్టుకున్నవారికి అంత శుభవార్త కాదు.

హైదరాబాదు బేగంబజారులో హిందీలో లెక్కలు రాసుకునే వర్తకులకూ ఈ ఇబ్బంది లేకపోలేదు. వారు తేజీ, మందీ అనే రెండు గంపలు పెట్టుకుని ఇంగ్లీషు మాటలను అందులో వేసుకుంటారు. ఈ పద్ధతి తెలుగువారికీ పనికివస్తుంది. 'బుల్లిష్' తేజీ గంపలోకి, 'బేరిష్' మందీ గంపలోకి. అయితే ఒక్కో గంపలోనూ అడుగు నుంచి అంచు వరకు వరుస వుండాలి. 'ఎడ్జెస్ అప్', 'ఇంచెస్ అప్' అంటే స్వల్పంగా పెరగడం. 'గెయిన్స్', 'క్లైంబ్స్' ఓ మోస్తరు. 'జంప్స్', 'సర్జెస్', 'సోర్స్' బాగా పెరగడం. దిగేటప్పుడు 'ఈజెస్', 'డిప్స్', 'స్లిప్స్' మెత్తబడడం. 'స్లైడ్స్', 'టంబుల్స్' జారడం. 'ప్లంజెస్', 'క్రాషెస్' కుప్పకూలడం. ఈ మాటలకు ఇన్ని రూపాయలని గీటు ఏమీ లేదు. హెడింగు కట్టే సబ్ ఎడిటరుకు కాలమ్ వెడల్పు కూడా చూసుకోవలసి వుంటుంది. పొట్టి మాటకు ఎప్పుడూ గిరాకీ ఎక్కువ. అందుచేత అంకె కనబడేదాకా తొందరపడరాదు.

'పేర్స్' అన్న మాట చాలామందిని తికమక పెడుతుంది. 'పేర్స్ గెయిన్స్' అంటే పెరిగిన ధరలో కొంత పోయింది, అయినా నిన్నటి కన్నా పైనే వుంది. 'పేర్స్ లాసెస్' దీనికి తలకిందులు. 'స్నాప్స్ త్రీ డే ర్యాలీ' అంటే మూడు రోజుల పెరుగుదల తెగింది. ఇక 'ఆన్', 'అమిడ్' అనే రెండు చిన్న మాటలు. 'ఆన్ స్టాకిస్ట్ బయ్యింగ్' అన్నప్పుడు నిల్వదార్ల కొనుగోళ్లే కారణమని పత్రిక చెబుతున్నది. 'అమిడ్' అన్నప్పుడు రెండూ ఒకేసారి జరిగాయని మాత్రమే అంటున్నది. కారణం తేలనప్పుడు విలేఖరులకు ఈ మాట అక్కరకొస్తుంది.

అంకెల దగ్గర యూనిట్లు చూడాలి. భారతీయ పత్తి బేలు 170 కిలోలు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలలో వచ్చే బేలు 480 పౌండ్లు, అనగా దాదాపు 218 కిలోలు. ఆదోనిలోనో వరంగల్ ఎనుమాముల యార్డులోనో కూర్చుని ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చితే, లేని కొరత వున్నట్టుగాను, వున్న నిల్వ లేనట్టుగాను కనిపిస్తుంది.

సుంకాల హెడింగులలో 'బేసిక్', 'ఎఫెక్టివ్' అన్న రెండు మాటలను వెతకాలి. 2025 మే 31 నుంచి ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గింది. కొన్ని చోట్ల 10 శాతమని, కొన్ని చోట్ల 16.5 శాతమని రాశారు. రెండూ నిజమే. 10కి వ్యవసాయ సెస్సు 5 కలిపి, ఆ 15పై పదో వంతు సర్‌ఛార్జి వేస్తే 16.5 వస్తుంది. దిగుమతిదారు చెల్లించేది రెండో అంకె. అలాగే 'వేవ్స్', 'సస్పెండ్స్' అన్నవి గడువుతో కూడిన మినహాయింపుకు, 'స్క్రాప్స్' రద్దుకు వాడతారు. పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి తీసినప్పుడు గడువు సెప్టెంబరు 30. తర్వాత దానిని డిసెంబరు 31 దాకా పొడిగించారు. 'స్క్రాప్స్' అని చదివి గడువు చూసుకోనివారికి ఓడ ప్రయాణానికి పట్టే రోజులు గుర్తురావు.

సాధనకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పాత చిట్టా పుస్తకం ఒకటి చాలు. రోజుకు మూడు హెడింగులు రాసి, ఎదురుగా తెలుగులో ఒక్క వాక్యం రాయాలి. ఆ వాక్యంలో ఎవరు, ఏం చేశారు, చేశారా చేయబోతున్నారా అన్నవి తేలాలి. మూడో గడిలో వారం తర్వాత నిజంగా జరిగింది రాసుకోవాలి. నెల తిరిగేసరికి ఏ క్రియ ఎంతవరకు నిలబడుతుందో ఎవరి సరుకులో వారికి తెలిసిపోతుంది.

మొదటి రోజు సాధనకు నాలుగు నమూనాలు: 'సెంటర్ వెయ్స్ కట్ ఇన్ పామాయిల్ డ్యూటీ', 'షుగర్ ఎక్స్‌పోర్ట్ కర్బ్స్ లైక్లీ: ట్రేడ్', 'క్యాబినెట్ నాడ్ ఫర్ ఆనియన్ బఫర్', 'సెంటర్ నోటిఫైస్ స్టాక్ లిమిట్ ఆన్ వీట్'. వీటిలో నాలుగోది చూసిన వెంటనే గోదాము లెక్క తీయాలి. మూడోదానికి ఉత్తర్వు కోసం చూడాలి. రెండోదానిలో ఆ మాట అన్న వర్తకులెవరో తెలుసుకోవాలి. మొదటిది చదివి టీ తాగవచ్చు.