రోమక దీనారములపై అర్చనోపకరణ చిహ్నములు

అమరకోశము నిష్కశబ్దమునకు దీనారమను అర్థమును గూడ చెప్పినది. రోమకుల ‘దెనారియస్’ అను పదమే మన భాషలందు దీనారమైనదని పండితుల నిర్ణయము. రోమునందది వెండినాణెము, గుప్తుల కాలమునకు మన దేశమున బంగారునాణెమునకు పేరయినది. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనమొకటి 170 దీనారిమాషకముల దానమును పేర్కొనుటచే ఆంధ్రదేశమునకీ పదము గుప్తులకు ముందే పరిచితమని తెలియుచున్నది.

పదముతో పాటు నాణెమును వచ్చినది. నేటి తెలంగాణలోని నల్లగొండ జిల్లా అక్కెనపల్లి నిక్షేపమున 1531 రోమక రజతనాణెములు లభించినవి. దక్షిణదేశపు ఇతర నిక్షేపములందు వలెనే ఇందును అగస్టస్, టైబీరియస్‌ల ముద్రలే అధికము. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి తూకమును, వెండిపాలును తగ్గించుటచే వర్తకులు పాతనాణెములనే కోరిరని చెప్పుదురు.

అగస్టస్ నాణెములలో మిక్కిలి ప్రచురమైన దానిపై అతని దత్తపుత్రులు గైయస్, లూసియస్‌లు డాళ్లు, ఈటెలతో నిలిచియుందురు. వారికి పైగా రెండు చిహ్నములు కలవు. ఒకటి దేవతలకు ద్రాక్షాసవమును ధారవోయు గరిటె. రెండవది పక్షుల గమనమును బట్టి శకునము చెప్పు పురోహితుని వంకరకోల. గైయస్ అర్చక సంఘమునను, లూసియస్ శాకునికుల సంఘమునను సభ్యులు. కావున ఈ చిహ్నములు దేవతను గాక పౌరోహిత్య పదవిని సూచించును. టైబీరియస్ నాణెముపై అతని ప్రధానార్చక బిరుదమే అక్షరములలో చెక్కబడినది.

శ్రౌతము నెరిగినవానికి ఆ గరిటెను చూచినంతనే స్రువము తలపునకు వచ్చుట సహజము. కాని స్రువము చండ్రకొయ్యతో చేయబడి అగ్నియందు ఆజ్యమును వ్రేల్చునది. రోమక గరిటె మద్యమును ధారవోయునది. ఆకారసామ్యము మాత్రముచే సంప్రదాయ సంబంధమును కల్పించుట తొందరపాటు.

మరి ఆంధ్రులీ చిహ్నములను గుర్తించిరా? ఇచ్చట దొరకిన అనేక నాణెములపై ఉలిగాట్లు కలవు. పరదేశపు రాజబింబమును భంగపరచుటకని కొందరు, లోపలి లోహమును పరీక్షించుటకని కొందరు. పరీక్షకైనచో అంచున గాటు చాలును గదా, శిరస్సుపైననే ఏల యను ఆక్షేపము బలమైనదే. అయినను ముఖము ఉబ్బెత్తుగా నుండుటచే ఉలి అచ్చట పడియుండవచ్చును. బింబద్వేష వాదమునకు శాతవాహనుల వెండినాణెములే ప్రధాన ప్రతిబంధకము. క్షత్రపుల మాదిరిననుసరించి వారును తమ ముఖమును ముద్రించుకొనిరి. రెండవవైపున మాత్రము రోమక గరిటెకు గాని వంకరకోలకు గాని చోటీయక, ఉజ్జయినీ చిహ్నమును, పర్వతమును నిలిపిరి.