సుంకం లెక్క

దూరదేశపు సరుకు మన ఇల్లు చేరేలోపల ఒక గుమ్మం దాటి రావాలి. ఆ గుమ్మాన్ని వాడుకలో కస్టమ్స్ అంటాం. వేరొక దేశం నుంచి వచ్చే సరుకు మీద అక్కడ ప్రభుత్వం వసూలు చేసే పన్నే సుంకం. ఈ మాట మనకు కొత్తది కాదు. సంతకు సరుకు తెచ్చినవారి దగ్గర సుంకం తీసుకోవడం మన పల్లెలకు తెలిసిన సంగతే. ఈ పాఠంలో ఒక చిన్న వస్తువు వెంట, ఒక సైకిలు విడిభాగం వెంట, ఆ గుమ్మం దాకా వెళ్లి చూద్దాం.

మన దేశానికి సైకిలు మొదట దిగుమతి సరుకుగానే వచ్చింది. ఇంగ్లండులోని నాటింగ్‌హాం, బర్మింగ్‌హాం నగరాలలో తయారైన రాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. సైకిళ్లు ఓడలలో మన రేవులకు చేరేవి. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ కర్మాగారాలు పెరిగాయి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడి, అంబత్తూరులో సైకిళ్లు తయారుచేసింది. 1956లో పంజాబులోని లూథియానాలో హీరో సైకిల్స్ మొదలైంది. లూథియానాలో పెద్ద కర్మాగారాల చుట్టూ చిన్న చిన్న పనిశాలలు కూడా వెలిశాయి. కనుకనే మామూలు సైకిలుకు కావలసిన చైను, పెడలు, చక్రపు పుల్లలు నేడు వీధి చివరి దుకాణంలో దొరుకుతున్నాయి.

అయితే కొన్ని భాగాలు అంత సులువుగా దొరకవు. పాత రాలీ సైకిళ్లలో చాలావాటికి పెడళ్ల ఇరుసు బిగించే చోట మర చుట్లు అంగుళానికి 26 ఉంటాయి. సాధారణమైన ఇంగ్లీషు కొలత 24. ఒక కొలత కప్పు మరొక కొలతకు పట్టదు. అలాగే కొన్ని పాత సైకిళ్ల వెనుక చక్రపు హబ్బులో స్టర్మీ-ఆర్చర్ వారి మూడు గేర్లు ఉండేవి. నాటింగ్‌హాంలో పుట్టిన ఆ సంస్థ 2000లో తైవాన్ వారి చేతికి వెళ్లింది. తాతగారి సైకిలు మళ్లీ నడవాలంటే ఇటువంటి భాగాన్ని ఒక్కొక్కసారి సముద్రం దాటించి తెప్పించుకోవలసి వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. విదేశంలో ఒక భాగం ధర మన డబ్బులో 2,000 రూపాయలు అనుకోండి. రవాణాకు, బీమాకు కలిపి మరొక 1,000 రూపాయలు అయింది. సుంకం 2,000 మీద మాత్రమే వేస్తారని చాలామంది అనుకొంటారు. కాని సుంకానికి ఆధారమైన విలువలో రవాణా ఖర్చు, బీమా కూడా చేరుతాయి. కాబట్టి లెక్క 3,000తో మొదలవుతుంది.

సుంకం నూటికి 20 అనుకొందాం. అది 600 రూపాయలు. 2018 నుంచి చాలా సరుకుల మీద, సుంకంలో పదవ వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ కూడా ఉంది. అది 60 రూపాయలు. మొత్తం 3,660 అయింది. ఈ మొత్తం మీద జి.ఎస్.టి. వేస్తారు. అది నూటికి 5 అయితే 183 రూపాయలు. అన్నీ కలిపితే 3,843. కొరియరు వారు తీసుకొనే రుసుము ఉంటే అది అదనం. రెండు వేల వస్తువు ఇంటికి చేరేసరికి దాదాపు రెండింతలయింది!

ఇది దుకాణదారులు అమ్మకానికి తెప్పించే సరుకు లెక్క. ఎవరైనా సొంత వాడకానికి టపాలోనో, కొరియరులోనో తెప్పించుకొంటే, చాలా వస్తువులకు ఒకే శాతం సుంకం వేసే పద్దు వేరే ఉంది. శాతాలు మారవచ్చు. మెట్టు మీద మెట్టుగా లెక్క కట్టే తీరును మాత్రం బాగా గుర్తుంచుకోండి.

ఈ భారం ఎందుకు? 2012-13 బడ్జెటులో ఆనాటి ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ సైకిళ్ల మీద సుంకాన్ని నూటికి 10 నుంచి 30కి, విడిభాగాల మీద 10 నుంచి 20కి పెంచారు. చవకగా వచ్చే విదేశీ సరుకు వల్ల మన పనిశాలలు మూతపడకూడదన్నది ఇటువంటి సుంకాల ఉద్దేశం. జి.ఎస్.టి. సంగతి వేరు. ఇక్కడ తయారైన భాగం మీద పన్ను ఉన్నప్పుడు, బయటి నుంచి వచ్చినదానికీ ఉండడం సమానత. సైకిళ్లకు, వాటి భాగాలకు నూటికి 12గా ఉన్న ఈ పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 5కు తగ్గించారు.

సుంకం పనివాడికి రక్ష, కొనేవాడికి బరువు. ఇక్కడ దొరికే వస్తువును విదేశం నుంచి తెప్పించేవాడు ఆ బరువును కోరి ఎత్తుకొన్నట్లే. ఇక్కడ దొరకని భాగం కోసం చూసేవాడికి వేరే దారి లేదు. ఈ రెండు వైపులా చూసి శాతం నిర్ణయించడం పాలకుల పని.

శాతం ఎంతైనా, అది ముందుగా అందరికీ తెలిసి ఉండడం అంతకన్న ముఖ్యం. ఈ సంగతిని మన తెలుగు నేల మీద ఒక రాజు రాతి మీద చెక్కించాడు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకనాటి గొప్ప రేవు. పూర్వపు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకునంతా బలవంతంగా తీసుకొనేవారు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అభయ శాసనం వేయించి ఆ అన్యాయాన్ని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని, అది ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యవ వంతు అని ప్రకటించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకులకు ఆ మాటే అభయం. నేడు ఆ అభయాన్ని మన రాజ్యాంగం ఇస్తున్నది. చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ వేయరాదని 265వ అధికరణం చెబుతుంది. సుంకం కేంద్రం పరిధిలోనిది. కనుక హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా దాని రేటు ఒక్కటే.

ప్రభుత్వం మాట మీద నిలబడాలంటే కొనేవాడు కూడా నిజం చెప్పాలి. రెండు వేల వస్తువుకు రెండు వందలని చీటీ రాయించడం 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం నేరం. సరుకు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. పొట్లం మీద "కానుక" అని రాసినంత మాత్రాన కూడా సుంకం తప్పదు. టపాలో, కొరియరులో వచ్చే కానుకలకు ఉన్న మినహాయింపును 2019 డిసెంబరులో తొలగించారు. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే అది మిగిలింది.

కాబట్టి విదేశం నుంచి ఏదైనా తెప్పించే ముందు కాగితం, పెన్సిలు తీసుకోండి. ధర, రవాణా, బీమా, సుంకం, పన్ను వరుసగా రాసి కూడండి. ఇక్కడి దుకాణంలో ఒకసారి అడిగి చూడండి. ఆ తరువాతే డబ్బు చెల్లించండి.

అభ్యాసం

1. సుంకం లెక్కలో రవాణా ఖర్చును ఎక్కడ చేరుస్తారు?
2. మోటుపల్లి శాసనం వర్తకులకు ఏ అభయం ఇచ్చింది?
3. ఒక భాగం ధర 1,500 రూపాయలు, రవాణా, బీమా 500 రూపాయలు. పాఠంలోని శాతాల ప్రకారం అది ఇల్లు చేరేసరికి ఎంత అవుతుంది?
4. "సుంకం పనివాడికి రక్ష, కొనేవాడికి బరువు." ఈ వాక్యాన్ని మీ ఊరి సైకిలు దుకాణదారుతో చర్చించి, పది వాక్యాలు రాయండి.