బ్రెడ్డు – అన్నము – అనుదినాహారము

పాఠ్యభాగము: మత్తయి 6:11, యోహాను 6:35

జ్వరము వచ్చినవారికి పాలు, బ్రెడ్డు పెట్టుట మన యిండ్లలో వాడుక. అయితే ఇంగ్లీషువారికి బ్రెడ్డు పథ్యము కాదు. మనకు అన్నమెట్టిదో వారికి బ్రెడ్డు అట్టిది. ఈ మాటను కొంత విచారింతము.

1. మాట పుట్టుక. వెయ్యి యేండ్ల క్రిందటి ఇంగ్లీషులో బ్రెడ్డనగా తునక. రొట్టెకు 'హ్లాఫ్' అను వేరొక మాట యుండెను. సుమారు 1200 నాటికి తునక పేరే రొట్టెకు పేరైనది. హ్లాఫ్ 'లోఫ్'గా మారి పూర్తి రొట్టెకు నిలిచినది. ప్రభువు అని అర్థమిచ్చు 'లార్డ్' అను మాటయు హ్లాఫ్ నుండి పుట్టినదే. దాని మొదటి అర్థము రొట్టెను కాపాడువాడు. 'లేడీ' అనగా రొట్టెపిండి పిసుకునది. పనివానికి 'రొట్టె తినువాడు' అని పేరు.

2. మన మాట. సంస్కృతములో అన్నమనగా తినబడునది ఏదైనను సరే. తెలుగులో అది వండిన బియ్యమునకే పేరైనది. ఇంగ్లీషులో బ్రెడ్డు బ్రతుకుతెరువునకంతటికి పేరైనది. మనము 'కూటికొరకు' అనునది అట్టిదే.

3. పరిశుద్ధ గ్రంథములో. హెబ్రీ భాషలో 'లెహెము' అనగా రొట్టె, ఆహారము కూడ. బేత్లెహేము అనగా రొట్టెల యిల్లు. ప్రభువు నేర్పిన ప్రార్థనను తెలిగించినవారు రొట్టె అనక 'అనుదినాహారము' అనిరి. యోహాను సువార్తలో 'జీవాహారము' అనిరి. ప్రభురాత్రి భోజనమున మాత్రము రొట్టె రొట్టెగానే నిలిచినది. ఇది మేలే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువనీటితో వరి పండు ఈ సీమలో రొట్టె అనిన దిబ్బరొట్టె జ్ఞప్తికి వచ్చును గాని దినదినపు ఆకలి జ్ఞప్తికి రాదు.

4. మనకు పాఠము. గాదె నిండినవాడు ధాన్యమునకు యజమానుడనని తలంచును. ఆ పాత మాట అతనిని కాపరి యనుచున్నది. కాపరి యొద్దనున్నది తినువారి కొరకే గదా! ఊడ్పులు ముగిసి కోతలు రాకముందు కూలివారి యిండ్లలో పని యుండదు. నేడు కోతయు పెక్కు చోట్ల యంత్రములే కోయుచున్నవి. ప్రార్థనలో మనము 'నాకు' అనము, 'మాకు' అందుము. పొరుగువాని పొయ్యి వెలుగక, మన కుండ నిండిన యెడల, ఆ 'మాకు' అను మాట మన నోట అబద్ధమగును.

ఆలోచించుడి: ఈ నెలలో మన సంఘమున ఎవరి పొయ్యి వెలుగలేదు? మనమెరుగుదుమా?