వేరుశనగ నిల్వ, శుద్ధి పరిశ్రమలో ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్: మన్ననూర్ ప్రాంతానికి అనువైన ధోరణులు

పరిచయం

నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల్లో యాసంగి వేరుశనగ ప్రధాన పంటల్లో ఒకటి. పొడి వాతావరణంలో కోసి బాగా ఎండబెట్టిన కాయలు కూడా వానాకాలంలో గోదాముల్లో తిరిగి తేమను పీల్చుకుంటాయి. కాయల్లో తేమ 8–9 శాతం మించితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు పెరిగి ఆఫ్లాటాక్సిన్ విషం ఏర్పడే ప్రమాదం ఉంది. వేయించినా ఈ విషం పూర్తిగా నశించదు. మన దేశంలో తదుపరి శుద్ధికి వెళ్లే గింజల్లో కిలోకు 15 మైక్రోగ్రాములు గరిష్ఠ పరిమితి కాగా, నేరుగా తినే గింజలకు ఐరోపా సమాఖ్య మొత్తం ఆఫ్లాటాక్సిన్ పరిమితి 4 మైక్రోగ్రాములే. కొద్ది గింజల్లోని విషం మొత్తం సరుకు తిరస్కరణకు దారితీయగలదు.

నూతన ధోరణులు

1. తక్కువ విద్యుత్తుతో దూర ప్రసారం: లోరా పరికరాలు చిన్న బ్యాటరీతో దీర్ఘకాలం పనిచేస్తాయి. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల వినియోగానికి లైసెన్సు అవసరం లేదు.

2. ఎడ్జ్ కంప్యూటింగ్: సమాచారాన్ని దూరపు సర్వర్‌కు పంపి ఆదేశం కోసం వేచి ఉండకుండా, గోదాములోని చిన్న నియంత్రికే నిర్ణయం తీసుకుంటుంది.

3. ముందస్తు నిర్వహణ: కాయలు ఒలిచే యంత్రం బేరింగుల కంపనాన్ని, ఉష్ణోగ్రతను గమనిస్తూ, అవి చెడిపోకముందే హెచ్చరించవచ్చు.

మన్ననూర్‌కు వర్తింపు

హైదరాబాద్–శ్రీశైలం రహదారిపై, అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉన్న మన్ననూర్ వంటి ప్రాంతాల్లో కొండలు, దట్టమైన చెట్లు రేడియో సంకేతాలను బలహీనపరుస్తాయి. కావున రీడింగులను స్థానికంగా భద్రపరచి, సంకేతం అందినప్పుడు పంపే వ్యవస్థ మేలు. పంకా నియంత్రణ ఇంటర్నెట్‌పై ఆధారపడరాదు.

నిర్ణయ సూత్రమే కీలకం

గోదాములో సాపేక్ష ఆర్ద్రత 70 శాతం దాటగానే పంకా తిరిగేలా అమర్చడం సర్వసాధారణం. ఇది నష్టం కలిగించవచ్చు. ఉదాహరణకు గోదాములో 28 డిగ్రీల సెల్సియస్ వద్ద 72 శాతం ఆర్ద్రత ఉంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 19.6 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. పగటిపూట బయట 32 డిగ్రీలు, 65 శాతం ఉన్నప్పుడు ఆవిరి 22 గ్రాములు. ఆ గాలి లోపలికి వచ్చి చల్లబడితే ఆర్ద్రత 80 శాతం దాటుతుంది. రాత్రి బయట 23 డిగ్రీలు, 90 శాతం ఉన్నప్పుడు ఆవిరి 18.5 గ్రాములే, శాతం ఎక్కువైనా ఆ గాలి గోదామును ఆరబెడుతుంది. అందుచేత లోపల, బయట రెండు సెన్సర్లు అమర్చి, ఆవిరి పరిమాణాలను పోల్చి పంకాను నడపాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

• సెన్సర్లను గోడలకు కాక బస్తాల మధ్య ఉంచాలి. అవి కొలిచేది గాలి తేమను మాత్రమే. కావున తేమ మాపకంతో గింజలనూ పరీక్షించాలి.

• మూసిన డబ్బాలో తడి ఉప్పు ముద్ద పక్కన సెన్సర్‌ను కొన్ని గంటలు ఉంచితే 75 శాతం చూపాలి. ఏటా వానాకాలానికి ముందు ఈ పరీక్ష చేయాలి.

• ప్రతి హెచ్చరికకు ఎవరు, ఏమి చేయాలో ముందే రాసి గోదాములో ఉంచాలి.

ముగింపు

పరికరాల సంఖ్య కంటే వాటి రీడింగుల ఆధారంగా తీసుకునే సరైన నిర్ణయమే సరుకును కాపాడుతుంది. చిన్న శుద్ధి కేంద్రాలు తొలుత ఒక గోదాములో, ఒక వానాకాలం పాటు పరీక్షించి, గింజల తేమ ఫలితాలను సరిచూసిన పిమ్మటే విస్తరించడం శ్రేయస్కరం.