మాడ్రిడ్ నగరమున మూడు దినములు

యాత్ర చేయుటయనగా ఎన్ని స్థలములు చూచితిమో లెక్కవేసికొనుట కాదు. దినములు తక్కువగా నున్నపుడు చూడవలసిన దేది, విడువవలసిన దేది యని ముందుగా నిర్ణయించుకొనుట మొదటి పాఠము. మేము స్పెయిన్ దేశపు రాజధానియగు మాడ్రిడ్ నగరమున మూడు దినములు మాత్రమే యుంటిమి. అచ్చట చూచిన విషయములను, వాని వెనుకనున్న చరిత్రను మా విద్యార్థుల కుపయోగించునట్లు క్రమముగా వ్రాయుచున్నాము. ఐరోపా పటమును దగ్గర నుంచుకొని చదివినచో మేలు.

నగరము - దాని పుట్టుక

ఐరోపాఖండమునకు నైరృతి మూలనున్న ఐబీరియా ద్వీపకల్పమునకు ఇంచుమించు నడుమ మాడ్రిడ్ ఉన్నది. సముద్రమట్టమునకు సుమారు 650 మీటర్ల యెత్తున పీఠభూమిపై నుండుటచే అచ్చట వేసవి మిక్కిలి వేడిగను, శీతకాలము మిక్కిలి చలిగను ఉండును. కావున యాత్రికులకు వసంతర్తువును శరదృతువును అనుకూలములు. లండను, పారిసు నగరములకువలె దీనికి పెద్దనది లేదు. మంజనారెస్ అను చిన్న యేరు మాత్రము పడమటి వైపున పారుచున్నది.

9వ శతాబ్దమున కార్డోబా అమీరగు మొదటి మహమ్మదు ఈ యేటి యొడ్డున ఒక కోటను కట్టించెను. ఆ కోటకు మజ్రీత్ అని పేరు. ఆ పేరే మారి మాడ్రిడ్ అయినది. 1561లో రెండవ ఫిలిప్ రాజు తన కొలువును ఇచ్చటికి మార్చెను. 1601 మొదలు 1606 వరకు కొలువు వల్లదోలిద్ నగరమున నుండినను, మరల ఇచ్చటికే వచ్చినది.

గడియారము - సూర్యుడు

మాడ్రిడ్ ప్రజలు మధ్యాహ్నభోజనము రెండుగంటలకు పైని, రాత్రిభోజనము తొమ్మిదింటికి పైని చేయుదురు. మొదటిదినమున మేము పన్నెండున్నరకే భోజనశాలకు పోగా, వంట యింకను కాలేదని చెప్పిరి. వీరికింత ఆలస్యమేలయని మాకు విస్మయము కలిగినది. పటము చూచుకొన్న పిదప సమాధానము దొరకినది.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. మాడ్రిడ్ గ్రీనిచ్‌కు పడమట సుమారు 3.7 డిగ్రీల రేఖాంశముననున్నది. అనగా అచ్చటి సూర్యమానము గ్రీనిచ్ కాలమునకు సుమారు 15 నిమిషములు వెనుకబడవలెను. కాని 1940 నుండి స్పెయిన్ దేశము మధ్య ఐరోపా కాలమును పాటించుచున్నది. అందుచేత గడియారము గ్రీనిచ్‌కంటె శీతకాలమున ఒక గంట, వేసవిలో రెండు గంటలు ముందుగా నడచును. కాబట్టి సూర్యుడు శీతకాలమున ఇంచుమించు ఒంటిగంటంబావుకు, వేసవిలో రెండుంబావుకు ఆకాశమున మిక్కిలి యెత్తునకు వచ్చును. వారు రెండుగంటలకు భుజించినను అది సూర్యునిబట్టి నడిమధ్యాహ్నమే! మన దేశకాలమును నిర్ణయించు 82.5 డిగ్రీల రేఖాంశము కాకినాడకు చేరువగా పోవును గనుక, ఆ ప్రాంతమున గడియారమును సూర్యుడును ఇంచుమించు ఏకీభవించును. అన్యుల యాచారము వింతగా తోచినపుడు నవ్వుటకు ముందు కారణమును వెదకవలెను.

మొదటి దినము

నగరమధ్యమున ప్యూర్తా దెల్ సోల్, అనగా సూర్యద్వారము అను కూడలి కలదు. స్పెయిన్ దేశపు ప్రధాన రాజమార్గముల దూరములను కొలుచుటకు మొదలైన సున్న కిలోమీటరు ఫలకము అచ్చటి కాలిబాటపై నమర్చబడినది. ఆ కూడలిని దాటి కొంతదూరము నడచినచో ప్లాసా మయోర్ అను పెద్ద చౌకము వచ్చును. మూడవ ఫిలిప్ కాలమున 1619లో పూర్తియైన ఈ చౌకము 129 మీటర్ల పొడవు, 94 మీటర్ల వెడల్పు కలది. నాలుగువైపుల మేడలకు కలిపి 237 వసారాలు చౌకమువైపు తెరచియుండును. 1790లో అగ్నిప్రమాదము జరిగిన పిదప విలనూయేవా అను శిల్పి దీనిని మరల తీర్చెను.

అచ్చటినుండి రాజప్రాసాదమునకు పోతిమి. పాతకోట 1734లో కాలిపోగా ఆ స్థలముననే 1738లో ఈ భవనమును ప్రారంభించిరి. 1764లో మూడవ చార్లెస్ రాజు ఇందు మొదట నివసించెను. ఇందు మూడువేలకు పైగా గదులున్నవి. నేడు రాజకుటుంబ మిందు నివసించుట లేదు. రాచవేడుకలు మాత్రము జరుగుచుండును.

సాయంకాలము చేరువనున్న కొండపైని దెబోద్ అను ఈజిప్టు దేవాలయమును చూచితిమి. క్రీస్తుకు పూర్వము 2వ శతాబ్దమున కట్టబడిన యీ గుడి మాడ్రిడ్‌కెట్లు వచ్చినది? నైలునదిపై ఆస్వాన్ వద్ద పెద్ద ఆనకట్ట కట్టినపుడు అనేక ప్రాచీనాలయములు మునుగునట్లుండెను. వానిని కాపాడుటకు స్పెయిన్ చేసిన సాయమునకు కృతజ్ఞతగా ఈజిప్టు 1968లో దీనిని కానుకగా నిచ్చెను. రాయిరాయిగా విప్పి తెచ్చి మరల కట్టి 1972లో ప్రజలకు తెరచిరి. మన కృష్ణానదిపై 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిదప, నాగార్జునకొండ లోయలోని బౌద్ధశిథిలములలో కొన్నింటిని కొండపైకి తరలించి నిలిపిన సంగతి మా విద్యార్థు లెరుగుదురు. నీరు కావలెను, పూర్వుల కట్టడములును కావలెను. ఆ కాలమున రెండుదేశముల వారును ఈ చిక్కునే ఎదుర్కొనిరి.

రెండవ దినము

రెండవదినమంతయు ప్రాదో చిత్రశాలకును, దాని వెనుకనున్న రెతీరో ఉద్యానమునకును కేటాయించితిమి. ప్రాదో 1819లో తెరవబడినది. అందలి వేలకొలది చిత్రములను ఒక్కనాట చూడబూనుట వ్యర్థము. మేము రెండింటియెదుట మాత్రము చాలసేపు నిలిచితిమి.

మొదటిది వెలాస్కెస్ 1656లో చిత్రించిన లాస్ మెనీనాస్. నడుమ చిన్నరాకుమార్తె, చుట్టును చెలికత్తెలు, ఒకప్రక్క కుంచె పట్టిన చిత్రకారుడే; వెనుకగోడ యద్దములో రాజును రాణియు ప్రతిబింబించుచుందురు. చూచువారు రాజు నిలిచిన చోట నిలిచినట్లు తోచును. రెండవది గోయా 1814లో చిత్రించినది. 1808 మే నెలలో మాడ్రిడ్ ప్రజలు నెపోలియను సేనలపై తిరుగబడగా, మరునాడు సైనికులు పట్టుబడినవారిని కాల్చిచంపిరి. తెల్లచొక్కా తొడిగినవాడు చేతులు చాచి నిలిచియుండును. సైనికుల ముఖములు మాత్రము కనబడవు. ఆ వధ జరిగిన కొండయు, ముందునాటి సాయంకాలము మేము సూర్యాస్తమయమును చూచి యానందించిన కొండయు ఒకటేయని తెలిసి మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి.

రెతీరో పూర్వము రాజుల వనము. 1868 నుండి ప్రజలదైనది. వైశాల్యము 125 హెక్టారులు. చెట్లనీడను కూర్చుండి బంగాళాదుంపలు కోడిగ్రుడ్లు కలిపి చేసిన తోర్తియా అను అట్టును తింటిమి. ఆ దుంపయు, మన వంటింటి మిరపకాయయు అమెరికాఖండమునుండి నావికులు తెచ్చినవే.

మూడవ దినము

మూడవదినమున రెయినా సోఫియా చిత్రశాలలో పికాసో చిత్రించిన గెర్నికాను చూచితిమి. 1937 ఏప్రిల్ 26న, అంతర్యుద్ధకాలమున, ఫ్రాంకో పక్షమునకై జర్మను, ఇటాలియను విమానములు బాస్కు ప్రాంతపు గెర్నికా పట్టణముపై బాంబులు కురిపించినవి. ఆ యేటనే పికాసో దీనిని చిత్రించెను. ఎత్తు మూడున్నర మీటర్లు, పొడవు ఏడుమ్ముప్పాతిక మీటర్లు. నలుపు, తెలుపు, బూడిదవన్నె తప్ప వేరురంగు లేదు. స్పెయిన్‌లో ప్రజల స్వేచ్ఛ మరల నెలకొనువరకు ఈ చిత్రము అచ్చటికి పోరాదని చిత్రకారుడు కోరెను. 1973లో ఆయనయు, 1975లో ఫ్రాంకోయు మరణించిరి. 1981లో చిత్రము న్యూయార్కునుండి స్వదేశము చేరినది.

ఆ రాత్రి మేము దిగిన బసలోని యజమానురాలు, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధురాలు, మేము మాలో మాటలాడుకొను భాష యేదియని యడిగెను. తెలుగని చెప్పితిమి. మా సొంతరాష్ట్రమున అది ప్రధానభాష కాదనియు, మేము బడిలో దానిని నిలుపుకొనుచున్నామనియు తెలిపితిమి. అంతట నామె తన సంగతి చెప్పెను. ఆమెది వాయవ్యమూలనున్న గలీసియా సీమ, ఇంటిభాష గలీసియము. ఫ్రాంకో పాలనలో ఆమె చదివిన బడిలో కస్తీలియభాషకే, అనగా మనము స్పానిషు అను భాషకే, చోటు. నేడు ఆమె మనుమరాలు బడిలో గలీసియము నేర్చి, అవ్వకు ఆ భాషలోనే జాబులు వ్రాయుచున్నదట. అవ్వ చదివి సంతోషించును గాని బదులు కస్తీలియములోనే వ్రాయును. "మాట నాదే, కాని వ్రాయుటకు చేయి సాగదు" అని యామె తన వ్రేళ్ల వంక చూచుకొనెను.

1978 నాటి స్పెయిన్ రాజ్యాంగము 3వ అధికరణమున కస్తీలియమును దేశమంతటికి అధికారభాషగా నిర్ణయించి, తక్కిన భాషలను వాని వాని సీమలలో అధికారభాషలుగా నంగీకరించినది. 2023 నుండి మాడ్రిడ్‌లోని ప్రతినిధిసభలో కతలాను, బాస్కు, గలీసియ భాషలలో ప్రసంగించుటకు వీలు కలిగినది. మన రాజ్యాంగమునను 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. కాని శాసనము బడితలుపును తెరచును. లోనికి నడువవలసినది మనము. ఆ యవ్వ భాష కొకే లిపి గనుక ఆమె చదువనైనను చదువగలిగినది. మన లిపి వేరు. నేర్వని తెలుగుబిడ్డకు తన తాతగారి ఉత్తరము గీతల కుప్పయే యగును.

అభ్యాసము: మీ యూరికి మూడుదినములకై యొక యతిథి వచ్చుననుకొనుడు. అతనికి చూపదగిన మూడుస్థలములను, వాని చరిత్రను, మీ యూరి భోజనవేళలకు కారణమును తెలుగులో ఒక జాబుగా వ్రాయుడు. వ్రాసి మీ యింట పెద్దలకు చదివి వినిపింపుడు. వారు బదులు వ్రాయగోరి చేయి సాగక సంకోచించినచో, ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దించుడు.