మనవలను పెంచుతున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు

మన ఆసుపత్రి పిల్లల ఓ.పి.లో బిడ్డను ఎత్తుకొని వరుసలో కూర్చున్నవారిని చూడండి. అందులో అమ్మమ్మలు, మామ్మలు, తాతయ్యలు ఎంతోమంది ఉంటారు. కోనసీమ నుండి, రాజంపేట వైపు నుండి తల్లులు కువైట్‌కు ఇంటి పనికి వెళ్తున్నారు. జగిత్యాల వైపు తండ్రులు దుబాయి వెళ్తున్నారు. కొందరు పిల్లలకు తల్లిదండ్రులు చనిపోయారు. మరికొందరి తల్లిదండ్రులు విడిపోయి చెరో దారి పట్టారు. కారణం ఏదైనా, అరవై ఏళ్ళు దాటాక మళ్ళీ బిడ్డకు స్నానం చేయించి, అన్నం కలిపి, బడికి పంపే బాధ్యత వీరి మీద పడింది. ఈ పాఠం వారి కోసం.

ముందుగా బిడ్డ టీకాల కార్డు ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది తల్లి పెట్టెలోనే ఉండిపోతుంది. "చిన్నప్పుడే అన్నీ వేయించేశాం సిస్టర్" అంటారు గానీ, 9 నెలలు నిండాక వేసిన ఎం.ఆర్. టీకాతో పని పూర్తి కాదు. 16 నుండి 24 నెలల మధ్య ఎం.ఆర్. రెండవ డోసు, డి.పి.టి. బూస్టరు ఉన్నాయి. 5-6 ఏళ్ళకు మరో బూస్టరు, 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టి.డి. వేయించాలి. కార్డు పోతే భయపడి ఆగిపోకండి. మీ ఏ.ఎన్.ఎం. దగ్గర రికార్డు ఉండవచ్చు. లేకపోయినా డాక్టరుగారు బిడ్డ వయసును బట్టి ఏవి వేయాలో చెబుతారు.

ఇక మీ మాత్రల సంగతి. దీన్ని మాత్రం శ్రద్ధగా చదవండి, చదవలేనివారికి చదివి వినిపించండి. పెద్దవారు మాత్రలను దిండు కింద పెడతారు, చీర కొంగున ముడి వేస్తారు, కిటికీలో ఉంచుతారు. షుగరుకు వాడే గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్ర ఒక్కటి మింగినా చిన్నబిడ్డకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అది వెంటనే కనబడకపోవచ్చు. కొన్ని గంటలు మామూలుగా ఆడుకొని, తరువాత చెమటలు పట్టి, మగతగా పడిపోయి, ఫిట్స్ రావచ్చు. అందుకే అనుమానం వచ్చిన వెంటనే, "బాగానే ఉన్నాడు కదా" అనుకోకుండా, మాత్రల షీటుతో సహా ఆసుపత్రికి తీసుకురండి. వాంతి చేయించకండి. బి.పి. మాత్రలు, ఐరన్ మాత్రలు కూడా పిల్లలకు ప్రమాదమే. మూత గట్టి డబ్బాలో పెట్టి, బిడ్డ ఎక్కలేని అటక మీద ఉంచండి. మందును చాక్లెట్ అని చెప్పి ఎన్నడూ ఇవ్వకండి.

ఇంట్లో తాతయ్యకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే బీడీ దగ్గు అని సరిపెట్టుకోవద్దు. తెమడ పరీక్ష ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. క్షయ అని తేలితే ఇంట్లో పిల్లలందరినీ చూపించాలి. 5 ఏళ్ళలోపు వారికి జబ్బు లేదని నిర్ధారించాక నివారణ మందు ఇస్తారు.

అన్నింటికంటే కష్టమైనది వేరొకటి ఉంది. తల్లి చనిపోయిన బిడ్డకు, "అమ్మ ఊరెళ్ళింది, వస్తుంది" అని చెబుతారు. ప్రేమతోనే చెబుతారు, నాకు తెలుసు. కానీ ఆ బిడ్డ రోజూ వీధి గుమ్మం దగ్గర ఎదురు చూస్తుంది. రాకపోతే, నేను అల్లరి చేశానని అమ్మ రాలేదు అనుకుంటుంది. నిద్రపోయింది అని చెబితే తానే నిద్రపోవడానికి భయపడే పిల్లలున్నారు. చిన్న మాటల్లో నిజం చెప్పండి: అమ్మకు పెద్ద జబ్బు చేసింది, చనిపోయింది, తిరిగి రాదు, అది నీ తప్పు కాదు, నేను నీతోనే ఉన్నాను. మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. విసుక్కోకుండా అదే జవాబు ఇవ్వండి. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే కొట్టకండి, అది దుఃఖమే కావచ్చు. కొన్ని వారాలైనా తగ్గకపోతే తీసుకురండి.

మీకూ దుఃఖముంది. మనవరాలికి తల్లి పోయింది, మీకు కడుపున పుట్టిన కూతురు పోయింది. రూతు గ్రంథంలో ఓబేదును ఒడిలో పెంచిన నయోమి కూడా భర్తను, ఇద్దరు కుమారులను పాతిపెట్టిన తల్లే. బిడ్డ ముందు ఏడిస్తే పాపమేమీ కాదు. ఇద్దరూ కలిసి ఫోటో చూసి ఏడవవచ్చు.

డబ్బు విషయం చెప్పుకోవడానికి మొహమాటపడకండి. తల్లిదండ్రులు లేక బంధువుల వద్ద పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. కుటుంబ ఆదాయం సంవత్సరానికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. 1098కు ఫోను చేసినా దారి చెబుతారు. తల్లిదండ్రులు విదేశంలో ఉంటే, వైద్యం, బడి విషయాలు మీరు చూడవచ్చని వారి సంతకంతో ఉత్తరం, వారి ఆధార్ నకలు, ఫోను నంబరు దగ్గర ఉంచుకోండి. అర్ధరాత్రి ఆపరేషన్ అవసరమైతే మాకు మొదట కావలసినవి అవే.

మనవడికి జ్వరమొస్తే పరుగున వచ్చే మామ్మగారు, తన బి.పి. మాత్రలు అయిపోయి నెలైనా రారు. బిడ్డను తెచ్చిన రోజే మీ బి.పి. కూడా చూపించుకోండి, వరుసలో మళ్ళీ నిలబడనక్కరలేదు, నర్సుకు చెప్పండి. మీరు మంచాన పడితే బిడ్డ ఎవరి ఇంటికి వెళ్ళాలో ఇప్పుడే నిర్ణయించండి. పిన్ని గాని, మేనమామ గాని ఎవరైనా సరే, వేసవి సెలవుల్లో పది రోజులు అక్కడ ఉంచి అలవాటు చేయండి.