ఒంట్లోకి పోయేదానికి పూచీ నీదే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్ళలో పిల్లల్ని ఆడించినవాణ్ణి. పెద్ద జట్లకు ఎంపికై వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేవి ఇవి.

1. దగ్గుమందును తేలిగ్గా తీసుకోవద్దు. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో క్రికెటర్ పృథ్వీ షా డోపింగ్ పరీక్షకు ఇచ్చిన నమూనాలో నిషేధిత మందు టెర్బుటాలిన్ బయటపడింది. దగ్గు సిరప్‌లలో ఉండే మందే అది. జబ్బుకే తాగాడని క్రికెట్ బోర్డు నమ్మింది. అయినా 8 నెలలు ఆటకు దూరం పెట్టింది. 2017లో పరీక్షకు దొరికిన యూసుఫ్ పఠాన్‌దీ అదే మందు, అతనికి 5 నెలలు. చీటీ లేకుండా మెడికల్ షాపులో సీసా అడిగి తెచ్చుకోవడం మన ఊళ్ళలో మామూలే. నువ్వు మాత్రం ఆ పని చేయొద్దు నాయనా. "పోటీల్లో ఆడతాను సార్, ఈ మందు నిషేధంలో ఉందా?" అని డాక్టరును ముందే అడుగు. అది తప్పనిసరైతే వాడకముందే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ 'నాడా' అనుమతికి దరఖాస్తు పెట్టు.

2. ఇచ్చినవాళ్ళ మంచితనం నిన్ను కాపాడదు. 2003లో ఆస్ట్రేలియా క్రికెటర్ షేన్ వార్న్ వేసుకున్న నిషేధిత మాత్ర తల్లి ఇచ్చిందే. ప్రపంచకప్ ఆడకుండానే ఇంటికి పోయాడు, ఏడాది నిషేధం. 2011లో శ్రీలంక క్రికెటర్ ఉపుల్ తరంగ భుజం నొప్పికి మూలికల మందు వాడితే పరీక్షలో స్టెరాయిడ్ తేలింది, 3 నెలలు పోయాయి. "చెట్టుమందే కదా సార్, ఏం కాదు" అనే పిల్లలకు తరంగ పేరే చెబుతాను.

3. జట్టే ఇప్పించిందన్నా చెల్లదు. ఆస్ట్రేలియాలో ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్బు 2012లో తన ఆటగాళ్ళకు ఇంజెక్షన్లు వేయించింది. క్లబ్బు మాట నమ్మి వాళ్ళు సంతకాలు పెట్టారు. 2016 జనవరిలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 34 మందికి రెండేళ్ళ నిషేధం వేసింది. ఆ కుర్రాళ్ళను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, వాళ్ళను నడిపించిన పెద్దల మీద మండిపడతాను. అయినా తీర్పు న్యాయమైనదే. ఏమేం మందులు వాడుతున్నావని పరీక్ష ఫారంలో అడిగితే, పరీక్షకు వెళ్ళినవాళ్ళలో ఆ ఇంజెక్షన్ల సంగతి ఒక్కరూ రాయలేదు మరి. కోచ్ వద్దన్నా సరే, ఉన్నదున్నట్టు రాయి.

4. జిమ్‌లో ఎవరో కలిపిచ్చిన పౌడరు తాగొద్దు.

5. ఏ మందూ ముట్టకపోయినా నిషేధం పడొచ్చు. ఎక్కడుంటాడో డోపింగ్ పరీక్షలవాళ్ళకు సరిగా తెలపనందుకు 2017లో వెస్టిండీస్ క్రికెటర్ ఆండ్రీ రస్సెల్‌కు ఏడాది పడింది. పరీక్షల జాబితాలో పేరెక్కాక, ధర్మవరం వాడు పెళ్ళికని హిందూపురంలో ఒక్క రాత్రి ఉన్నా ఆ చిరునామా ముందుగా నమోదు చేయాల్సిందే.